నాలుగింటి సంఘం

"ఆఖరి ఇంజెక్షన్ ఎప్పుడు?" మెట్లెక్కుతూనే అడిగింది డిటెక్టివ్.

"బుధవారం పొద్దున ఏడున్నరకి మేడమ్." వెనకాలే ఆయాసపడుతూ వస్తున్నాడు కళ్ళజోళ్ళ షాపాయన. "సాయంత్రానిది ఇంటికొచ్చి వేసుకోవాలి. రాలేదు. నిన్న రెండు తప్పాయి. ఇవాళ పొద్దుటిది తప్పింది. మొత్తం నాలుగు."

"డాక్టరేమన్నాడు?"

"మూడో రోజు దాటితే తన చేతుల్లో లేదన్నాడు. పదకొండో ఏటి నుంచీ ఉన్న సుగరు మేడమ్ ఆవిడది. ఇన్సులిన్ పడకపోతే ముందు దాహం. తర్వాత వాంతులు. ఆ తర్వాత..." ఆయన చేతిలోని మందుల డబ్బాని ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

డిటెక్టివ్ గడియారం చూసుకుంది. శుక్రవారం, పదకొండూ ముప్ఫై ఐదు. ఇంజెక్షన్ పడి యాభై రెండు గంటలు.

తప్పిపోయింది ఆయన భార్య. నమోదు శాఖలో ఉద్యోగం. ఆఫీసులో అందరూ లెక్కలమ్మ అంటారు. రాష్ట్రంలో స్వచ్ఛంద సంఘాలు ఎన్నున్నాయో వీధివీధీ తిరిగి లెక్కపెట్టమని నలభై మందిని పంపితే, వాళ్ళలో ఆమె ఒకతె. పన్నెండు వేలుంటాయేమో అనుకుని మొదలుపెట్టారు. పాత రిజిస్టర్లన్నీ దులిపేసరికి నలభై అయిదు వేల చిల్లర తేలాయి. వాటిలో ఏది బతికుందో, ఏది కాగితం మీద మాత్రమే ఉందో కళ్ళతో చూసి రాయాలి. రేపు పదకొండు గంటలకి డైరెక్టరీ విడుదల. లెక్కలమ్మ వంతుకి వచ్చినవి పదకొండు వందల నలభై. పదకొండు వందల ముప్ఫై తొమ్మిది పూర్తిచేసింది.

మిగిలిన ఆ ఒక్కదాన్ని చూడటానికి ఈ బిల్డింగుకి వచ్చి, మళ్ళీ బయటికి రాలేదు.

"కాగితాలు అడిగేది కాదు మేడమ్," అన్నాడాయన. "మీరెప్పుడు కూడుకుంటారు అని అడిగి, ఆ టైముకి వెళ్ళి చివరి కుర్చీలో కూచునేది. మీటింగు అయ్యేదాకా లేచేది కాదు. రక్తదానం వాళ్ళు, తేనెటీగలు పెంచేవాళ్ళు, నత్తి ఉన్నవాళ్ళు... ఎడమచేతి వాటం వాళ్ళకి కూడా ఒక సంఘం ఉందట. వేరే రకం కత్తెర్లు తెప్పించుకుంటారట. రాత్రి అన్నం తింటూ ఇవే కబుర్లు. నవ్వలేక చచ్చేవాణ్ణి."

ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

మూడో అంతస్తులో ఒకటే తలుపు. దాని మీద టైంటేబుల్ బోర్డు. సొంత ఆఫీసు లేని పంతొమ్మిది సంఘాలు ఈ ఒక్క గదిని గంటల లెక్కన పంచుకుంటున్నాయి. డిటెక్టివ్ బుధవారం గడి మీద వేలు పెట్టి చదివింది.

మూడు నుంచి నాలుగు: బధిరుల సంఘం.

నాలుగు నుంచి అయిదు: చివరి తోడు, అనాథ శవాల అంత్యక్రియల సంఘం.

అయిదు నుంచి ఆరు: అంధుల చదరంగం క్లబ్.

"మూడూ యాభై రెండుకి నాకు మెసేజ్ పెట్టింది. ‘నాలుగింటి వాళ్ళని చూసుకుని వచ్చేస్తా’ అని. అదే ఆఖరు."

తలుపు తోసేసరికి లోపల ఒక కుర్చీలో కూచుని, ఇంకో కుర్చీ మీద కాళ్ళు చాపుకుని ఇన్‌స్పెక్టర్ కనిపించాడు.

"రా వదినా, రా. ఇంకా రాలేదేమా అనుకుంటున్నా."

"కాళ్ళు తియ్యి. అవి ఎవరో కూచునే కుర్చీలు."

ఇన్‌స్పెక్టర్ కాళ్ళు దించాడు. డిటెక్టివ్ భర్తకి అతను స్వయానా తమ్ముడు. భర్త పోయాక ఆమె వేలిముద్రల విభాగంలో ఉద్యోగం వదిలేసి సొంతంగా ఆఫీసు పెట్టుకుంది. అప్పట్నుంచీ ఊళ్ళో ఏ కేసులో ఎదురుపడినా వీళ్ళిద్దరికీ పడదు. పండక్కి భోజనాల దగ్గర మాత్రం పడుతుంది.

"నీ లెక్క చెప్పు," అందామె.

"చెప్పేదేముంది? ఇల్లిల్లూ తిరక్కుండా ఇంట్లో కూచుని సగం ఫారాలు నింపేసింది. రేపు పుస్తకం బయటికొస్తే బండారం బయటపడుతుంది. అందుకని సర్దుకుంది. రెండు రోజులాగితే తనే ఫోన్ చేస్తుంది."

"మందు లేకుండా పారిపోయిందా?"

"ఊళ్ళో మందుల షాపులు లేవా ఏమిటి?"

"మా ఆవిడ ఒక్క ఫారం కూడా..." అంటూ కళ్ళజోళ్ళాయన ముందుకొచ్చాడు. ముఖం ఎర్రబడింది. డిటెక్టివ్ ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"మీరు కింద ప్రింటింగ్ ప్రెస్సు ముందు బెంచీ మీద కూచోండి. ఎవరితోనూ మాట్లాడకండి. నేనే వచ్చి పిలుస్తా."

ఆయన దిగి వెళ్ళాక ఆమె గది చూడటం మొదలుపెట్టింది.

ఒక పొడుగు బల్ల. నాలుగు చిన్న బల్లలు. ఇరవై ఎనిమిది కుర్చీలు. నల్లబోర్డు. రెండు కిటికీలు, రెండింటికీ ఊచలు. వెనక గోడకి పంతొమ్మిది అరల బీరువా. ఒక్కో సంఘానికి ఒక్కో అర, ఒక్కో తాళం కప్ప. ఆమె వంగి ఒక్కో తాళాన్నే చూస్తూ పోయింది. చేతులు పడీ పడీ అంచులు మెరుస్తున్నాయి. పదకొండో అర దగ్గర ఆగింది. తాళం చెవి దూర్చే కంతలో కందిరీగ మట్టిగూడు కట్టుకుంది. గూడు ఎండి, పాతబడి, నెర్రెలిచ్చింది.

"ఇది ఎవరిది?"

"చివరి తోడు వాళ్ళదమ్మా," అంది గుమ్మంలోంచి తాళాలమ్మ. ఆ గదికి తాళాలు తీసి వేసేది, ఊడ్చేది ఆవిడే. "పెద్దోళ్ళు. దిక్కులేని శవాలకి అన్నీ చేసి పూడ్చిపెడతారు. పుణ్యాత్ములు."

"వాళ్ళని ఎప్పుడైనా చూశావా?"

"నేనెక్కడ చూస్తానమ్మా? నాలుగింటికి మా మనవరాలిని బడి నుంచి తెచ్చుకోవాలి. మళ్ళీ అయిదింటికే వస్తా. ఆ గంటకి వాళ్ళ దగ్గరో తాళం చెవి ఉంది."

"మొన్న బుధవారం నువ్వొచ్చేసరికి గది ఎలా ఉంది?"

తాళాలమ్మ ఇన్‌స్పెక్టర్ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "అదే నాకూ అర్థం కాలేదమ్మా. కెప్టెన్‌గారు పడిపోయారు."

* * *

కెప్టెన్ అంటే చదరంగం క్లబ్ కెప్టెన్. అరవై దాటినవాడు. పుట్టుగుడ్డి. రెండు వీధుల అవతలే ఇల్లు. ఫోన్ చేస్తే పావుగంటలో వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడి లోపలికి ముక్కు పెట్టి పీల్చాడు.

"పోలీసాయన ఉన్నాడు. బూట్లకి పాలిష్ కొట్టి గంట కూడా కాలేదు."

"కెప్టెన్‌గారూ, బుధవారం ఎలా పడ్డారు?" అడిగింది డిటెక్టివ్.

"పడటం కాదమ్మా, పరువు పోయింది. ఈ గుమ్మంలోంచి తిన్నగా ఎనిమిది అడుగులు వేస్తే నా బల్ల. పదేళ్ళుగా ఎనిమిదే. కర్ర కూడా ముడిచి సంచిలో పెట్టేసుకుంటా. మొన్న అయిదో అడుక్కే కుర్చీ తగిలింది." ప్యాంటు పైకి లాగి మోకాలి కింద గాయం చూపించాడు. కమిలిపోయి నల్లగా ఉంది. "గది మధ్యలో పొడుగు బల్ల, చుట్టూ కుర్చీలు. తడిమి లెక్కపెట్టా. ఏడు."

"ఎప్పుడూ అలా ఉండదా?"

"ఎందుకుంటుందమ్మా? ఈ గదికి ఒకటే రూలు. వెళ్ళేవాళ్ళు వచ్చేవాళ్ళకి సర్ది వెళ్ళాలి. చెవిటివాళ్ళకి గుండ్రంగా కావాలి, అందరి చేతులూ అందరికీ కనపడాలిగా. పాటల వాళ్ళకి వరసలు కావాలి. మాకు నాలుగు బల్లలూ రెండేసి కుర్చీలు, మధ్యలో దారి. ఎవరికేం కావాలో బీరువా తలుపు లోపల అంటించి ఉంటుంది. పోట్లాడుకుంటాం, తిట్టుకుంటాం, అరలు మార్చుకుంటాం. కానీ ఇది మాత్రం ఎవరూ తప్పరు. తప్పితే పక్కవాడికి కాలు విరుగుతుందని అందరికీ తెలుసు."

"బాగుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కేసు కుర్చీల మీదికొచ్చింది. ఇక బల్లల్ని అరెస్టు చేద్దామా వదినా?"

డిటెక్టివ్ అతని వైపు చూడలేదు. "కెప్టెన్‌గారూ, మీరు ఆ రోజు ఎన్నింటికి వచ్చారు?"

"ఆ రోజు ఇంట్లోంచి కాస్త తొందరగా బయల్దేరా. నాలుగూ నలభైకల్లా రెండో అంతస్తు మలుపులో ఉన్నా. అక్కడ కాసేపు ఆగాల్సొచ్చింది. స్ట్రెచర్ దిగుతోంది."

ఇన్‌స్పెక్టర్ చేతిలోని పెన్ను ఆగింది.

"ఏం స్ట్రెచర్?"

"ప్రథమ చికిత్స వాళ్ళదనుకున్నా. ఆ పిల్లలు ఈ మెట్ల మీదే ప్రాక్టీసు చేస్తారు. ఒకళ్ళని పడుకోబెట్టి మోసుకుంటూ దింపుతారు, ఎక్కిస్తారు. ఈ బిల్డింగులో దాన్ని ఎవరూ పట్టించుకోరమ్మా."

"వాళ్ళ రోజు ఏది?"

కెప్టెన్ మెల్లగా అన్నాడు. "మంగళవారం."

"ఎంతమంది?"

"మోసేవాళ్ళు నలుగురు. ముందు ఒకడు. ‘ఏం బాబూ, ఇవాళ బరువైన పేషెంటు దొరికిందా’ అన్నా. ఆ పిల్లలైతే పకపకా నవ్వుతారు, నేనంటే వాళ్ళకి ఇష్టం. వీళ్ళు కిక్కురుమనలేదు. స్ట్రెచర్ మీద ఆడగొంతు మూలిగింది." ఆయన ముడిచిన కర్రని వేళ్ళతో తడుముకున్నాడు. "బాగా నటిస్తోందే అనుకున్నానమ్మా. పైకి కూడా అన్నా. ‘శభాష్’ అన్నా."

డిటెక్టివ్ అప్పటికే ఫోన్‌లో బధిరుల సంఘం కార్యదర్శికి మెసేజ్ పెడుతోంది. రెండు ప్రశ్నలు. మూడు నిమిషాల్లో జవాబొచ్చింది. పైకి చదివింది.

"‘నాలుగింటి సంఘాన్ని ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. వాళ్ళు రారని మాకు తెలుసు. అందుకని వాళ్ళకి సర్దే పని మానేసి, నేరుగా చదరంగం వాళ్ళకే సర్ది వెళ్తాం. దయచేసి ఎవరికీ చెప్పకండి, ఆ ఖాళీ గంటలో సగం మేమే వాడుకుంటున్నాం. మొన్న మాత్రం లెక్కలమ్మగారు ముందే వచ్చి, వాళ్ళు ఇవాళ వస్తున్నారు, ఫోన్ చేశాను అని బోర్డు మీద రాశారు. అందుకని మొదటిసారి వాళ్ళకి కావలసినట్టు సర్దాం. పొడుగు బల్ల, ఏడు కుర్చీలు. నాలుగుకి రెండు నిమిషాలుందనగా వెళ్ళిపోయాం.’"

ఫోన్ మూసి ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"అర్థమైందా? సంఘం బతికున్నట్టు లెక్కలోకి రావాలంటే కనీసం ఏడుగురు కూడుకోవాలి. వీళ్ళు ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ కూడుకోలేదు. ఆవిడ వస్తానంటే తప్పక వచ్చారు. ఏడుగురు కూడా దొరకలేదు, అయిదుగురొచ్చారు. ఇది కాగితం మీది సంఘమేనని ఆవిడ కనిపెట్టింది, అలాగే రాస్తే రిజిస్ట్రేషన్ పోతుంది. మోసుకుపోయారు. వెళ్తూ చదరంగం వాళ్ళకి సర్దాలని తెలీదు. ఎందుకంటే ఈ గదిలో అడుగు పెట్టడమే అది మొదటిసారి."

"ఆపు వదినా." ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. "ఎవరి గురించి మాట్లాడుతున్నావో తెలుసా? రైలు పట్టాల మీద, కాలవలో, ఎక్కడ శవం తేలినా మా వాళ్ళు ముక్కు మూసుకుని దూరంగా నిలబడతారు. చెయ్యి వేసేది ఆ సంఘం వాళ్ళే. రెండు రింగులకి ఫోన్ ఎత్తుతారు. ఊళ్ళో ఏ స్టేషనైనా అడుగు."

"స్టేషన్లని తర్వాత అడుగుతా. ముందు ప్రెసిడెంటుని పిలువు."

* * *

ప్రెసిడెంటు ఒకటీ ముప్ఫైకి వచ్చాడు. యాభై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా. తాళాలమ్మకి కూడా నమస్కారం పెట్టాడు.

"పాపం, ఆ అమ్మాయి గురించి విన్నాను. మా మీటింగుకి వచ్చింది తల్లీ. చివరి కుర్చీలో కూచుంది. నాలుగూ నలభై అయిదుకి అయిపోయింది. సంతకాలు తీసుకుంది. థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది."

"మీరెంతమంది వచ్చారు?"

"ఏడుగురం. ఎప్పుడూ ఏడుగురమే."

"ఎప్పుడూ అంటే?"

"ఎనిమిదేళ్ళుగా ప్రతి బుధవారం."

"ఆవిడ ముందు వెళ్ళిందా, మీరు ముందు వెళ్ళారా?"

"ఆ అమ్మాయే ముందు. మేం గది సర్ది వెళ్ళాలి కదా."

ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్ వైపు చూసి కళ్ళెగరేశాడు. చూశావా అన్నట్టు.

"ఎలా సర్దారు?" చాలా మామూలుగా అడిగింది డిటెక్టివ్.

"ఎలా సర్దడమేంటమ్మా?"

"మొన్న కుర్చీలు ఎలా పెట్టి వెళ్ళారో, అలాగే ఇప్పుడు పెట్టి చూపించండి."

ప్రెసిడెంటు నవ్వాడు. ఎనిమిది కుర్చీలు తీసుకుని, ఒకదాని మీద ఒకటి ఎత్తి, కిటికీ పక్క గోడవారగా దొంతర పెట్టాడు. చేతులు దులుపుకున్నాడు. "ఇంతే. ఎప్పుడూ ఇలాగే. గది ఖాళీగా ఉంటే తర్వాతవాళ్ళకి సుఖం."

మూలన కూచున్న కెప్టెన్ నల్లకళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎనిమిదేళ్ళుగా ఇలాగే పెట్టారా బాబూ?"

"అవునండీ. తమరు?"

"మీ తర్వాత వచ్చేవాణ్ణి."

ప్రెసిడెంటు ముఖంలో నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం గుడ్డివాడి మీంచి డిటెక్టివ్ మీదికి, ఆమె మీంచి తలుపు మీదికి ఒక్క చుట్టు తిరిగి వచ్చాయి.

"మీ అర తెరవండి," అందామె.

"తాళం చెవి ఇంట్లో ఉండిపోయింది తల్లీ."

"తెచ్చినా దూరదు. కందిరీగ కాపరం పెట్టింది. ఎనిమిదేళ్ళ మీటింగుల పుస్తకాలు ఎక్కడ పెడుతున్నారు?"

"ఇన్‌స్పెక్టర్‌గారూ," అన్నాడు ప్రెసిడెంటు, గొంతు ఏమాత్రం పెంచకుండా. "ఈవిడ ఏ హోదాలో అడుగుతున్నారు?"

ఇన్‌స్పెక్టర్ మెడ మీద చెమట తుడుచుకున్నాడు. "ఏ హోదా లేదు సార్. మీరు వెళ్ళొచ్చు. అవసరమైతే నేనే వస్తా."

"పంపించెయ్యకు," అంది డిటెక్టివ్.

"కుర్చీ దొంతర పెట్టినందుకు లోపలెయ్యమంటావా? ఏ సెక్షను కింద? చెప్పు, రాసుకుంటా."

ప్రెసిడెంటు అందరికీ నమస్కారం పెట్టి మెట్లు దిగిపోయాడు. ఒకటీ యాభై అయిదు.

డిటెక్టివ్ పళ్ళు బిగబట్టింది. ఇక మరిదితో వాదించి లాభం లేదు. గదిలో ఈ చివర నుంచి ఆ చివరకి రెండుసార్లు నడిచింది.

"నాకొకటి చెప్పు. అనాథ శవాన్ని పూడ్చాలంటే ఏ కాగితాలు కావాలి?"

"మూడు. డాక్టరు సర్టిఫికెట్టు. ఈ శవం తాలూకు ఎవరూ లేరని స్టేషను రాసిచ్చే కాగితం. ఆ రెండూ పెడితే పర్మిట్ ఆఫీసు వాళ్ళు మూడోది ఇస్తారు."

"ఆ పర్మిట్ ఆఫీసు నంబరు కలుపు. స్పీకర్లో పెట్టు."

"ఎందుకు?"

"చచ్చినవాళ్ళని మాయం చెయ్యడానికి లైసెన్సు ఉన్నవాళ్ళు బతికున్న మనిషిని ఎత్తుకెళ్ళారు. ఎందుకో నువ్వే ఆలోచించు."

ఇన్‌స్పెక్టర్ ఈసారి మాట్లాడకుండా నంబరు కలిపాడు. ఏడెనిమిది రింగుల తర్వాత గుమాస్తా ఎత్తాడు. నోట్లో అన్నం ముద్ద ఉన్నట్టుంది.

"లంచ్ టైమండీ. మూడింటికి చెయ్యండి."

"ఇన్‌స్పెక్టర్ని మాట్లాడుతున్నా."

గుటక పడిన చప్పుడు. "చెప్పండి సార్, చెప్పండి."

"చివరి తోడు వాళ్ళవి ఇవాళ ఏమన్నా దరఖాస్తులొచ్చాయా?"

"ఒకటొచ్చింది సార్. పొద్దున తొమ్మిదిన్నరకి. మా కౌంటరు పన్నెండింటికి మూసేస్తాం కదా, వాళ్ళు ఎప్పుడూ పొద్దున్నే ఇచ్చేస్తారు. పద్ధతైన మనుషులు."

"చదువు."

"గుర్తు తెలియని స్త్రీ. వయసు సుమారు నలభై రెండు. సన్నం. కారణం, చక్కెర వ్యాధి ముదిరి సహజ మరణం. తాలూకు ఎవరూ లేరు. పూడ్చే టైము సాయంత్రం అయిదు."

ఇన్‌స్పెక్టర్ బల్ల అంచు పట్టుకున్నాడు. తాళాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. డిటెక్టివ్ ఫోన్ దగ్గరికి వంగింది.

"చనిపోయిన టైము గడి ఉంటుంది చూడండి. అందులో ఏం రాశారు?"

"ఉందమ్మా... ఇదిగో, శుక్రవారం, మధ్యాహ్నం మూడూ పదిహేను." గుమాస్తా ఆగాడు. కుర్చీ కిర్రుమంది. "ఇవాళ శుక్రవారమే కదండీ?"

"అవును. ఇప్పుడు టైమెంత?"

"రెండూ పది. ఇదేంటండీ... పొద్దున చూసుకోలేదు. వాళ్ళవి చదవం మేడమ్, ముద్ర కొట్టేస్తాం. పర్మిట్ కూడా అప్పుడే తీసుకెళ్ళిపోయారు."

"ముందే టైము ఎందుకు రాస్తారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పొద్దున పోయిందని రాసుకుంటే సరిపోయేది కదా?"

"శ్మశానం గేటు దగ్గర ఎవరన్నా చూస్తారా?" గుమాస్తానే అడిగింది డిటెక్టివ్.

"చూస్తాడమ్మా, మా సూపర్‌వైజరు. కాగితంలో ఉన్న టైముకీ శవం బిగుసుకున్న తీరుకీ పొంతన ఉండాలి. పొద్దున పోయిందని రాసి వెచ్చటి శవాన్ని తెస్తే లోపలికి రానివ్వడు."

"విన్నావుగా. ఒంటి మీద గాయం ఉండకూడదని రెండు రోజులు మందు లేకుండా పడేశారు. ఆ టైముకి తనంతట తాను పోతే సరే. పోకపోతే వాళ్ళే పూర్తిచేస్తారు. అంటే ఇప్పటికి బతికే ఉంది." ఆమె గొంతులో ఇప్పుడు కోపం కూడా లేదు, తొందర మాత్రమే ఉంది. "గుమాస్తాగారూ, ఎవరూ లేరని స్టేషను ఇచ్చిన కాగితం మీద సంతకం ఎవరిది?"

అవతల కాగితం తిప్పిన చప్పుడు. "వారిదేనమ్మా. ఇన్‌స్పెక్టర్‌గారిదే."

ఇన్‌స్పెక్టర్ ముఖం పాలిపోయింది.

"ఖాళీ ఫారాలు వదినా. ఏ అర్ధరాత్రి శవం దొరికినా నా కోసం తిరగక్కర్లేకుండా... నెలకో ఇరవై సంతకం చేసి ఇచ్చేస్తా. అందరం ఇస్తాం. నా ముందున్న ఆయన కూడా ఇచ్చేవాడు."

"ఎన్నేళ్ళుగా?"

"నేనొచ్చి మూడేళ్ళు."

నెలకి ఇరవై, మూడేళ్ళు. ఏడు వందల ఇరవై కాగితాలు. వాటిలో నిజంగా అనాథ శవాలవి ఎన్నో, ఇలా మాయం చేసినవాళ్ళవి ఎన్నో.

"వాళ్ళ వాన్ నంబరు తెలుసా?"

"తెలుసు."

"కంట్రోల్ రూముకి చెప్పు. ప్రెసిడెంటు కారు నంబరు కూడా ఇవ్వు. ఆస్పత్రికి ఫోన్ చేసి ఇన్సులిన్‌తో అంబులెన్సు సిద్ధంగా పెట్టమను."

"మా వాళ్ళు ఊరంతా వెతికేసరికి అయిదవుతుంది." అతను ఇప్పుడు వేళాకోళం ఆడటం లేదు.

కెప్టెన్ కర్ర విదిలించి నిలబడ్డాడు. "ఆ నంబరు నాకూ చెప్పు బాబూ. ఈ గదికి వచ్చేవాళ్ళు మొత్తం తొమ్మిది వందల మంది. చెవిటివాళ్ళందరికీ ఒక మెసేజ్ గ్రూపుంది, అందరూ సైకిళ్ళ మీదే తిరుగుతారు. పాత రేడియోల వాళ్ళు మిద్దెల మీద ఉంటారు. వీధికుక్కలకి అన్నం పెట్టేవాళ్ళు లేని సందు లేదు ఈ ఊళ్ళో. తాళాలమ్మా, నీ దగ్గర అందరి నంబర్లూ ఉన్నాయిగా?"

"ఉన్నాయి బాబుగారూ." ఆవిడ అప్పటికే కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ నొక్కుతోంది.

రెండూ పదిహేడు. మొదటి మెసేజ్ వెళ్ళింది. నిమిషంలోపే నత్తి ఉన్నవాళ్ళ సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "మే... మేం బ... బయల్దేరాం," అని పెట్టేశాడు. తేనెటీగల వాళ్ళు ఉత్తరం వైపు తోటలన్నీ మేం చూస్తాం అన్నారు. రక్తదానం వాళ్ళు ఆస్పత్రుల గేట్లన్నిటి దగ్గరా మనుషుల్ని నిలబెట్టారు. ఇన్‌స్పెక్టర్ ఒక మూల వైర్‌లెస్‌లో అరుస్తున్నాడు. అతని మాటకి అవతల నుంచి ‘ఓవర్’ వచ్చేలోగా తాళాలమ్మ ఫోన్ నాలుగుసార్లు మోగుతోంది.

రెండూ ఇరవై ఎనిమిది. కుక్కలకి అన్నం పెట్టే సంఘం నుంచి ఒకావిడ. వెనకాల కుక్కలు మొరుగుతున్నాయి. తాళాలమ్మ స్పీకర్ నొక్కింది.

"మీరు చెప్పిన వాన్ ఇక్కడే ఉందండీ. శ్మశానం వెనక గేటు దగ్గర, పాత సామాన్ల గది ముందు. డ్రైవరు తలుపుకి అడ్డంగా కూచున్నాడు. మా కుక్కలు ఆ గది దగ్గర్నుంచి కదలడం లేదు. లోపల ఎవరో ఉన్నారండీ, మూలుగు వినపడుతోంది."

"దగ్గరికి వెళ్ళకండి," అంది డిటెక్టివ్. "అక్కడే, కనపడకుండా ఉండండి. ఏడు నిమిషాల్లో వస్తున్నాం. గొయ్యి తవ్వారా?"

"తవ్వేశారండీ. రెండోది తవ్వుతున్నారు."

"రెండోదా?"

"అవునండీ. ఇవాళ ఒకటే కదా అని తవ్వేవాణ్ణి అడిగా. ఇంకోటి ఉంది, ఆలస్యంగా తేలింది, మగమనిషి, కాగితం వెనకాల వస్తుందన్నాడు."

ఇన్‌స్పెక్టర్ మెట్ల వైపు పరుగెత్తబోయి ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. డిటెక్టివ్ కిటికీ దగ్గరికి చేరింది. ఊచల మధ్య నుంచి కిందికి చూసింది. ప్రెస్సు ముందు బెంచీ ఖాళీగా ఉంది.

"కళ్ళజోళ్ళాయన ఏడీ?"

"ఆయనా?" తాళాలమ్మ తలెత్తింది. "ఇందాకే వెళ్ళిపోయారుగా అమ్మా. నేను కిందికి నీళ్ళకి వెళ్ళినప్పుడు చూశా. ప్రెసిడెంటుగారు కారాపి, ‘మీ ఆవిడ దొరికింది, మేడమ్‌గారు మిమ్మల్ని తీసుకురమ్మన్నారు’ అన్నారు. పాపం, ఆయన ఏడుస్తూ ఎక్కారు. ఈ హడావుడిలో నాకు తట్టనే లేదమ్మా."

"వదినా, ఆయన్నెందుకు తీసుకెళ్ళినట్టు?" అప్పటికే సగం మెట్లు దిగిన ఇన్‌స్పెక్టర్ అరిచాడు.

డిటెక్టివ్ మూడేసి మెట్లు ఒక్కసారే దిగుతోంది.

"అయిదింటికి గేటు దగ్గరికొచ్చి ‘ఇది నా భార్య’ అనేవాడు బతికుంటే, ఆవిడ అనాథ శవం ఎలా అవుతుంది? జీపు తియ్యి!"